మద్య విముక్తికి తోడయ్యే సంఘం – దానిని వెదకే మార్గం

కొంతకాలం క్రిందట తరగతి ముగిసిన పిదప ఒక విద్యార్థి నా బల్ల దగ్గర నిలిచిపోయాడు. తోటివారందరూ వెళ్లినాక తలవంచుకొని, "సార్, మా అబ్బా తాగుడు మానాలని అనుకుంటున్నారు. ఎక్కడికి తీసుకువెళ్లాలో చెప్పండి" అన్నాడు. సంధి సమాసాలలో ఏ సందేహం వచ్చినా వెంటనే తీర్చగల నేను ఆనాడు బదులు చెప్పలేక తడబడ్డాను. పిదప తెలుసుకొన్న సంగతులను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

మద్య వ్యసనం కేవలం దుర్గుణం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చిన వ్యాధి. శాసనం ఒక్కటే దీనిని మాన్పలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై సాగించిన పోరాటం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలిపోయింది. శాసనం అంగడిని మూయగలదు గాని వ్యసనపరుని లోపలి దాహాన్ని తీర్చలేదు. దానికి మరొక సాధనం కావాలి.

అట్టి సాధనం ఒకటి అమెరికాలోని ఓహైయో రాష్ట్రంలో, అక్రాన్ పట్టణంలో పుట్టింది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్కు వాసి వ్యాపార కార్యం మీద ఆ ఊరికి వెళ్లాడు. అతడు తాగుడు మాని అప్పటికి అయిదు నెలలే. తలపెట్టిన వ్యవహారం చెడిపోయింది. హోటలులో ఒకవైపు మద్యశాల, మరొకవైపు టెలిఫోను. అతడు టెలిఫోను వైపు నడిచాడు. తనవలె బాధపడుతున్న మరొక మనిషి కోసం ఆ క్రొత్త ఊరిలో వెదకి, చివరకు బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుని కలుసుకొన్నాడు. వారిరువురూ గంటల తరబడి మాట్లాడుకొన్నారు. ఆ ఏడాది జూన్ 10 తరువాత ఆ వైద్యుడు మరల మద్యం ముట్టలేదు. ఆనాటినే ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా అజ్ఞాత మద్యవ్యసనపరుల సంఘం, తన జన్మదినంగా భావిస్తుంది. 1957లో ఈ సంఘం మన దేశంలోనూ పాదుకొన్నది.

ఈ సంఘంలో చేరడానికి రుసుము లేదు. తాగుడు మానవలెనన్న కోరిక ఒక్కటే అర్హత. ఇంటిపేరు, కులం, ఉద్యోగం ఎవరూ అడుగరు. అక్కడ విన్నది బయట చెప్పరు. ఒక్కొక్కరూ తన కథ చెప్పుకొంటారు, మిగిలినవారు వింటారు. జీవితాంతం మానేస్తానని ప్రతిజ్ఞ చేయనక్కరలేదు. ఈ ఒక్కరోజు ముట్టకుంటే చాలునంటారు. ముందుగా మానిన సభ్యుడొకరు క్రొత్తవానికి స్పాన్సర్‌గా, అంటే పెద్దన్నవలె, అండగా ఉంటాడు. వారు చెప్పే దైవశక్తిని ఎవరి విశ్వాసాన్ని బట్టి వారు గ్రహించవచ్చును. సమావేశం చర్చి గదిలో జరిగినంత మాత్రాన అది మతప్రచారం కాదు. 10 వేలకు పైగా వ్యక్తులపై జరిగిన 27 పరిశోధనలను 2020లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. మద్యానికి పూర్తిగా దూరంగా నిలిపే విషయంలో ఈ సంఘమార్గం ఇతర చికిత్సలకు తీసిపోదని, పెక్కు సందర్భాలలో వాటిని మించినదని తేల్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఏళ్ల తరబడి నిత్యం అధికంగా తాగినవారు హఠాత్తుగా మానితే మొదటి రెండు మూడు రోజులలో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చును. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇట్టి రోగులు గుంపులుగా వచ్చారు. కనుక అట్టివారికి ముందు వైద్యుడు, పిదప సంఘం.

మరి సంఘాన్ని కనుగొనడం ఎట్లు? ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో అడగడం మొదటి మార్గం. సమావేశాలు ఎక్కడ జరుగుతాయో అక్కడివారికి తరచు తెలిసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం వ్యసన విముక్తికై నెలకొల్పిన ఉచిత టెలిఫోను 14446 రెండవది. మనోవేదనకు సలహా ఇచ్చే టెలీ మానస్ 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. చిరునామా దొరికినాక, సమావేశం ఏ భాషలో జరుగుతుందో, ఇతరులను కూడా రానిచ్చే బహిరంగ సమావేశం ఏ రోజునో విచారించవలెను. మొదటిసారి మీరు తోడుగా వెళ్లవచ్చును. ఒక సమావేశం నచ్చకుంటే మరొకటి చూడవలెను. ఒక్క పూటలో తీర్పు చెప్పరాదు. ఇంటికి చేరువైనదానిని ఎంచుకోవడం మంచిది. దూరమైతే నాలుగు వారాలకే సాకులు పుడతాయి. ఊరిలో సంఘమే లేకుంటే ఇంటర్నెట్ ద్వారా జరిగే సమావేశాలు ఉన్నాయి. కుటుంబ సభ్యులకు అల్-అనాన్ అనే వేరొక సంఘం కలదు. తాగేవారు మానకపోయినా ఇంటివారు అక్కడ ఓదార్పు పొందవచ్చును.

మద్యం హరాం అయిన మన ఇళ్లలో ఈ వ్యాధి మరింత లోతుగా దాగి ఉంటుంది. పాపభీతితో పాటు పరువు భయం నోరు నొక్కుతుంది. కాని దాచిన గాయం మానదు. పేరు అడుగని ఆ గది తలుపు ఇట్టివారి కోసమే తెరచి ఉన్నది.

ఆ విద్యార్థికి ఆనాడు నేను చెప్పలేకపోయిన సమాధానం ఇదే. మీలో ఎవరికైనా ఇట్టి ప్రశ్న ఉంటే తరగతి ముగిసేవరకు ఆగనక్కరలేదు. నా గది తలుపు తట్టండి. సంఘం ఎక్కడున్నదో కలిసి వెదకుదాము.