చిన్న తిరుపతి దాకా వచ్చాక

గుండుగొలను.

చిరంజీవి అమ్మడుకి పెద్దమ్మ దీవించి రాయునది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ముందు జనంలో నిలబడి, ఆ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా కదల్లేదని ఫోన్లో చెప్పావు. సంతోషం. అదే గుంటుపల్లి గుహల మాటెత్తితే మాత్రం "ఎక్కడికి పోతాయి పెద్దమ్మా, ఈసారి చూద్దాంలే" అంటావు. నిజమే, క్రీస్తుకు పూర్వం నుంచీ ఉన్నాయి, నీకోసం ఇంకో నాలుగేళ్లు ఉంటాయి. ఉండనివి నీ సెలవులే.

నీది బద్ధకం అనను. బద్ధకస్తురాలివైతే హైదరాబాదులో టికెట్టు వరసలో నిలబడేదానివా? ఇంటి దగ్గరున్నదానికి ఎవరం ముహూర్తం పెట్టుకోం. ఒకవేళ పెట్టుకున్నా ఒకరికి జ్వరం, ఒకరికి పెళ్లిపిలుపు, మీ బాబాయికి ఆ రోజే చెరువు పట్టుబడి. అందుకే దీనికంటూ వేరే రోజు వెతక్కు. ఎలాగూ వెళ్లే పనికి తగిలించు. వచ్చినప్పుడల్లా చిన్న తిరుపతి వెళ్తాం కదా! దర్శనమవగానే భోజనాల వేళకి ఇంటికి పరుగెత్తుకొస్తాం. అక్కణ్ణుంచి కామవరపుకోట మీదుగా వెళ్తే జీలకర్రగూడెం, ఆ కొండ మీదే గుహలు.

వెళ్లాక అన్నీ చూసెయ్యాలని కంగారుపడకు. గుండ్రటి చైత్యగుహ ఒక్కటి తీరిగ్గా చూడు, చాలు. లోపలికెళ్లి తల పైకెత్తు. కొండను తొలిచి, కప్పుకి రాతిలోనే వాసాలు చెక్కారు. సముద్రం వైపు ఊళ్లలో చుట్టిల్లు చూశావుగా, లోపల నిలబడి పైకి చూస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. బరువు మోసేది కొండే, మరి రాతి కప్పుకి వాసాలెందుకు? కర్రతో, గడ్డితో ఇళ్లు కట్టిన చేతులు రాతిలోనూ ఆ ఇంటినే చెక్కాయి. బీహారులో బరాబర్ కొండల్లో అశోకుడి నాటి సుదామ గుహలోనూ ఇలాంటి గుండ్రటి గది ఉంది. అంత దూరానికీ మన కొండకీ ఏం చుట్టరికమో అక్కడే కూర్చుని ఆలోచించు. నడుమనున్న బౌద్ధ స్తూపాన్ని ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. చదువుకున్నదాన్నని వాళ్లని దిద్దబోకు.

పెదవేగి సంగతి వేరు. దిబ్బలు, ఇటుకలు తప్ప కంటికి పెద్దగా ఆనవు. ఏమీ తెలియకుండా వెళ్తే విసుగొస్తుంది. సముద్రగుప్తుడు ఓడించిన దక్షిణాది రాజుల పేర్లు అలహాబాదు స్తంభం మీద ఉన్నాయి, వాళ్లలో వేంగి హస్తివర్మ ఒకడు. ఆ వేంగి ఈ పెదవేగే. ఆ ముక్క తెలుసుకుని వెళ్లు. ఏలూరులో నీకేదైనా పని పడ్డ రోజున చూసి రావచ్చు, ఎంతో దూరం కాదు.

మన కొల్లేటి ఆటపాక పక్షుల్ని మాత్రం వాయిదా వెయ్యకు. గుహల్లా అవి నీకోసం కూర్చోవు. చలికాలంలో వెళ్తేనే గూడబాతులు గూళ్లలో పిల్లలకి మేతపెట్టడం చూస్తావు. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. ఎక్కడెక్కడివాళ్లో కెమెరాలు మెడలో వేసుకుని వస్తుంటే, ఒడ్డున పుట్టిన మనకి కొల్లేరంటే చేపల చెరువులూ వాటి తగాదాలే గుర్తొస్తాయి.

ఇంకొకటి. అన్నయ్యలు రావాలి, వదినలకి కుదరాలి, కారు నిండాలి అని చూడకు. అందరూ కలిసేది పెళ్లిళ్లలోనే. ఎవరూ రాకపోతే నేనొస్తాను. మెట్లెక్కలేకపోతే కిందే చెట్టు నీడన కూర్చుంటాను, నువ్వు తాపీగా చూసి రా.

సంక్రాంతికి భోగి ముందురోజు పొద్దున్నే దిగేలా టికెట్టు తీసుకో. ఆ సాయంత్రం ఆటపాక. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ రోజు వద్దు. ముక్కనుమ నాడు తెల్లారగట్లే చిన్న తిరుపతి, అట్నుంచి అటే గుంటుపల్లి. ఒకవేళ సెలవు తగ్గి రెంటిలో ఒకటే కుదిరేట్టుంటే పక్షులకే వెళ్దాం. పులిహోర నేను కలిపి తెస్తాను. నువ్వు ఆ ఎత్తు మడమల చెప్పులు మాత్రం తేకు, కొండెక్కాలి.

ఇట్లు,
నీ పెద్దమ్మ