క్యాంపు రూములో మందుల కవరు

ఊరి నుంచి వచ్చే ప్రతి ఒక్కరి పెట్టెలో పచ్చళ్ళ పక్కన ఒక మందుల కవరు ఉంటుంది. బీపీ గోలీలు, షుగర్ గోలీలు, డోలో, గ్యాస్ మాత్రలు. ఇక్కడ ఆస్పత్రికి పోతే ఒక రోజు జీతం పోతుందని భయం, అందుకే తెచ్చుకుంటాం. నేను బీకాం చదివినవాణ్ణి, డాక్టరును కాను. ఏ మందు వాడాలో చెప్పను. తెచ్చుకున్నది ఎట్లా దాచుకోవాలో, మిగిలింది ఎట్లా పారెయ్యాలో అంతవరకే.

చాలా మందుల పెట్టెల మీద 25 డిగ్రీలు లేదా 30 డిగ్రీలు మించని చోట పెట్టాలని రాసి ఉంటుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది కదా. మనిషికే ఓర్వరాని ఎండ మాత్రకు మంచిదా? డ్యూటీకి పోతూ ఏసీ ఆపితే రూము కొలిమి అయిపోతుంది. కిటికీ గట్టు, పై బంకు, సైటు బస్సు, టూల్ బాక్సు వద్దు. బాత్రూములో తేమ, స్టవ్వు దగ్గర వేడి, అక్కడా వద్దు. కింది మంచం కింద, బట్టల మధ్య, తాళం వేసిన పెట్టెలో పెట్టండి.

ఇన్సులిన్ సంగతి వేరు. వాడని పెన్నులు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డ కట్టిందంటే అది ఇక పనికిరాదు. పదిమంది వాడే ఫ్రిజ్ అయితే ఒక డబ్బాలో పెట్టి పేరు రాయండి. ఫ్రిజ్ లేకపోతే క్యాంపు బాస్‌ను అడగండి, సిగ్గుపడే విషయం కాదు.

స్ట్రిప్‌ను కత్తిరించి రూమ్మేట్‌కు సగం ఇచ్చే అలవాటు మనకు ఎక్కువ. అట్లా చేస్తే పేరు ఒక ముక్క మీద, ఎక్స్‌పైరీ తేదీ ఇంకో ముక్క మీద ఉండిపోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మన డోలో, ఇక్కడి పనడాల్ రెండూ పారాసిటమాలే. పేర్లు వేరని రెండూ మింగితే డోసు రెట్టింపు అవుతుంది. పెద్దవాళ్ళకు కూడా 24 గంటల్లో 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు, డోలో 650 ఆరు వేస్తేనే 3,900 అవుతుంది. దాటితే లివరు పాడవుతుంది.

ఇళ్ళలో పనిచేసే అక్కలు, మీ హ్యాండుబ్యాగు పిల్లలకు అందే ఎత్తులో ఉందేమో చూసుకోండి. రంగు మాత్ర వాళ్ళకు చాక్లెట్టే. షుగర్ గోలీ ఒక్కటి మింగినా చిన్నపిల్లకు ప్రాణం మీదికి రావచ్చు, ఆ నింద మీ మీదే పడుతుంది. అట్లా జరిగితే వాంతి చేయించకండి. మేడమ్‌కు వెంటనే చెప్పండి, 998కి ఫోన్ చేయించండి, స్ట్రిప్ వెంట తీసుకుపోండి.

తేదీ దాటినవి, మిగిలిపోయినవి టాయిలెట్లో వేసి నీళ్ళు వదలకండి. ముందు ఫార్మసీలో తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే మాత్రలు విడదీసి, వాడేసిన టీపొడిలో కలిపి, కవరులో గట్టిగా కట్టి చెత్తలో వేయండి. డబ్బా మీద పేరు ఉంటే కొట్టేయండి. సూదులు మాత్రం మూత బిగిసే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. ఆ చెత్త ఎత్తేది కూడా మనలాంటి ఒక కూలీ అన్నే.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వేరే వాళ్ళ మందుల పార్సిల్. మన ఊళ్ళో దొరికే ట్రమడాల్ నొప్పి మాత్ర, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, కొన్ని నిద్రమాత్రలు ఇక్కడ కంట్రోల్ మందుల లిస్టులో ఉన్నాయి. అనుమతి లేకుండా దొరికితే కేసు అవుతుంది, "నాకు తెలియదు సార్" అంటే వదలరు. మీకే అవసరమైతే బయలుదేరకముందే ఇక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోండి. డాక్టరు చీటీ, కంపెనీ పెట్టెతో సహా తెచ్చుకోండి. పక్కింటి పెద్దమ్మ కొడుకు కోసం ఇచ్చినా, లోపల ఏముందో విప్పి చూడకుండా తేకండి.

ఇక ఇన్సూరెన్సు. 2025 జనవరి 1 నుంచి యూఏఈ అంతటా ప్రైవేటు కంపెనీ కార్మికులకు, ఇంటిపనివాళ్ళకు ఆరోగ్య బీమా తప్పనిసరి. ప్రీమియం కట్టాల్సింది యజమాని. మీ కార్డు మీ దగ్గర లేకపోయినా, దాని డబ్బు జీతంలో కోసినా, 80046342కు ఫోన్ చేయండి. అది భారతీయుల సహాయ కేంద్రం, కాల్ ఉచితం.