పాఠం 14: పొట్లం మీద రాసిన బరువు, చేతికి అందిన బరువు

ఉపోద్ఘాతం

కిరాణా కొట్టులో పప్పు, నూనె, బిస్కెట్లు కొన్నప్పుడు మీరు ధర చూస్తారు. బరువు చూస్తున్నారా? కిలో 120 రూపాయల కందిపప్పులో 50 గ్రాములు తగ్గితే మీకు కలిగే నష్టం 6 రూపాయలు. "ఆరు రూపాయలే కదా" అనిపించవచ్చు. కాని ఆ కొట్టులో రోజుకు వందమంది కిలో చొప్పున పప్పు కొంటే, అందరూ కలిసి నష్టపోయేది రోజుకు 600 రూపాయలు. కూలి డబ్బుతో సరుకులు కొనేవారి ఇంట్లో ఆ తరుగు నేరుగా పిల్లల కంచంలోనే కనిపిస్తుంది. అందుకే తూకం గురించి తెలుసుకోవడం అందరికీ అవసరం.

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- పొట్లం మీది వివరాలను చదివి అర్థం చేసుకోగలుగుతారు.
- రెండు పొట్లాల ధరలను బరువును బట్టి పోల్చగలుగుతారు.
- తూకం తగ్గినప్పుడు ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలో చెప్పగలుగుతారు.

14.2 పొట్లం మీద ఏముండాలి?

మన దేశంలో మెట్రిక్ తూనికలు 1958లో అమలులోకి రావడం మొదలైంది. అంతకుముందు వీశె, శేరు, మణుగు వంటివి వాడేవారు. ఊరూరికీ కొలత మారేది. ఇప్పుడు దేశమంతటా గ్రాము, లీటరు ఒక్కటే. 2009లో చేసిన తూనికలు, కొలతల చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం ముందుగా కట్టిన పొట్లం మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు సంప్రదించవలసిన వివరాలు ఉండాలి.

నికర బరువు అంటే సరుకు ఒక్కదాని బరువు. కవరు, డబ్బా, అట్టపెట్టె బరువు ఇందులో చేరవు.

యంత్రంతో నింపే పొట్లాలలో కొద్దిపాటి తేడా రావచ్చు. అందుకు నియమాలు ఒక హద్దు పెట్టాయి. 200 గ్రాములకు పైబడి 300 గ్రాముల వరకు ఉన్న పొట్లంలో 9 గ్రాములు, 500 గ్రాములకు పైబడి కిలో వరకు ఉన్న పొట్లంలో 15 గ్రాములు మించి తేడా ఉండకూడదు. అయితే ప్రతి పొట్లంలోనూ అంత తగ్గించవచ్చని దీని అర్థం కాదు. అధికారులు కొన్ని పొట్లాలను తీసి తూచినప్పుడు, వాటి సగటు బరువు ముద్రించిన బరువు కంటే తగ్గకూడదు.

14.3 ఒక నిజమైన కేసు

కేరళలోని తృశ్శూరు జిల్లాలో 2019 డిసెంబరులో ఒక వినియోగదారుడు బేకరీలో రెండు బిస్కెట్ పొట్లాలు కొన్నారు. వాటి మీద 300 గ్రాములు అని ఉంది. తూచి చూస్తే ఒకటి 268 గ్రాములు, మరొకటి 249 గ్రాములు తూగాయి. ఆయన తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేశారు. పరీక్షలో తూకం తగ్గిన మాట నిజమని తేలింది. తరువాత ఆయన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళారు. 2024లో కమిషన్ ఆయనకు 50,000 రూపాయల పరిహారం, 10,000 రూపాయల ఖర్చులు ఇవ్వాలని తీర్పు చెప్పింది.

మనం లెక్క చూద్దాం. మొదటి పొట్లంలో తరుగు 300 − 268 = 32 గ్రాములు. రెండవదానిలో 300 − 249 = 51 గ్రాములు. పట్టికలోని హద్దు 9 గ్రాములే. రెండు పొట్లాలూ ఆ హద్దును ఎంతో దాటిపోయాయి.

బరువే కాదు, సంఖ్య కూడా మాట ఇచ్చినట్టే. తమిళనాడులోని తిరువళ్ళూరు కమిషన్ ముందుకు వచ్చిన మరో కేసులో, బిస్కెట్ పొట్లం మీద 16 అని ఉంది, లోపల 15 ఉన్నాయి. తాము బరువును బట్టి అమ్ముతున్నామని, సంఖ్యను బట్టి కాదని కంపెనీ వాదించింది. 2023లో కమిషన్ ఆ వాదనను తోసిపుచ్చి లక్ష రూపాయల పరిహారం ఇప్పించింది.

పాఠగత ప్రశ్నలు – 1
1. నికర బరువు అంటే ఏమిటి?
2. కిలో పొట్లం 980 గ్రాములు తూగింది. ఇది హద్దులోనే ఉందా?

14.4 ధర మారదు, బరువు మారుతుంది

కొన్నిసార్లు మోసం లేకుండానే మీకు సరుకు తగ్గుతుంది. పొట్లం ధర 10 రూపాయలే ఉంటుంది, బొమ్మ, రంగు అవే ఉంటాయి. లోపల 60 గ్రాములకు బదులు 50 గ్రాములు ఉంటాయి. కొత్త బరువు పొట్లం మీద ముద్రించి ఉంటే ఇది తక్కువ తూకం కాదు. కాని ధర పెరిగినట్టే. 100 గ్రాములకు లెక్క కట్టండి. ముందు 16 రూపాయల 67 పైసలు, ఇప్పుడు 20 రూపాయలు. పెద్ద పొట్లం, చిన్న పొట్లం పోల్చేటప్పుడూ ఇదే పద్ధతి పాటించండి.

లీటరు వేరు, కిలో వేరు అని కూడా గుర్తుంచుకోండి. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు మాత్రమే తూగుతుంది. ఐస్‌క్రీములో గాలి కలుస్తుంది. నియమాల ప్రకారం లీటరు ఐస్‌క్రీము కనీసం 525 గ్రాములు తూగితే చాలు. అందువల్ల డబ్బా ఎంత పెద్దదో కాక, బరువు ఎంతో చూడండి.

14.5 కొట్టులో తూకం

- తూచేముందు కాటా సున్నా చూపుతున్నదా అని గమనించండి.
- మిఠాయిని పెట్టెతో కలిపి తూచనివ్వకండి. కిలో 500 రూపాయల మిఠాయికి పెట్టె బరువు 80 గ్రాములైతే, అట్టకు మీరు 40 రూపాయలు ఇచ్చినట్టే.
- తూనిక రాళ్ళకు రెండేళ్ళకు ఒకసారి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికి ఒకసారి ప్రభుత్వ ముద్ర వేయించాలి. ఆ ధ్రువపత్రం కొట్టులో కనబడేలా ఉండాలి. దానిని చూపమని అడగడం తప్పు కాదు.

14.6 ఫిర్యాదు ఎలా చేయాలి?

పొట్లాన్ని విప్పకండి. అలాగే తూచండి. కవరుతో కలిపి తూచినా ముద్రించిన బరువు రాకపోతే తరుగు ఉన్నట్టే. బిల్లును, పొట్లాన్ని భద్రపరచండి. ముందు దుకాణదారుకు చెప్పండి. ఫలితం లేకపోతే తూనికలు, కొలతల శాఖ అధికారికి రాయండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫోను చేయవచ్చు.

పరిహారం కోరితే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. సరుకుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. వకీలు లేకుండా మీరే మీ మాట చెప్పుకోవచ్చు.

మీరు ఏమి నేర్చుకున్నారు?

పొట్లం మీది బరువు అమ్మేవారు ఇచ్చిన మాట. ఆ మాట నిలబెట్టుకున్నారో లేదో చూసుకునే హక్కు మీకుంది. చదవడం, లెక్క కట్టడం, బిల్లు దాచడం ఆ హక్కుకు ఆధారాలు.

పదాలు – అర్థాలు
తరుగు = తగ్గిన భాగం
పరిహారం = నష్టానికి బదులుగా ఇచ్చే సొమ్ము
రుసుము = ఫీజు

పాఠాంత ప్రశ్నలు
1. మీ ఇంట్లోని ఐదు పొట్లాల మీది బరువు, ధర రాసి, 100 గ్రాముల ధర లెక్కించండి.
2. అరకిలో పంచదార పొట్లంలో 40 గ్రాములు తగ్గింది. తేదీ, దుకాణం, బిల్లు వివరాలు, మీ కోరిక తెలుపుతూ తూనికలు, కొలతల శాఖ అధికారికి లేఖ రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు
1. కవరు, డబ్బా బరువు కలపకుండా సరుకు ఒక్కదాని బరువు.
2. లేదు. హద్దు 15 గ్రాములు. తరుగు 20 గ్రాములు.