ఎగిరే బాతులకు లెక్క

మనుషుల జనాభా లెక్కలకైతే ఇంటింటికీ తిరుగుతాం. మరి ఎగిరే బాతుల్నో? అమెరికాలో ఫ్రెడరిక్ లింకన్ 1930లో ఓ ఉపాయం చూపాడు. వేటకాలానికి ముందు 1,000 బాతుల కాళ్ళకు నంబరు రింగులు తొడిగి వదిలామనుకోండి. ఆ ఏడు వేటగాళ్ళు కొట్టినవి మొత్తం లక్ష. వాటిలో మన రింగులున్నవి 100. అంటే పదోవంతు వేటకు పోయింది, కాబట్టి మొదట ఉన్నవి 10 లక్షలు!

చిక్కల్లా ఇక్కడే. రింగు దొరికినవాళ్ళలో సగంమంది కబురు చేయకుండా ఊరుకుంటే, అవే బాతులు కాగితం మీద 20 లక్షలై కూర్చుంటాయి. అది నమ్మి వేటకు అనుమతి పెంచామా, కొంప మునిగినట్టే. అందుకని కబురు చేసేవారి వంతును కూడా విడిగా అంచనా కట్టాలి.

అంతకన్నా పెద్ద తగాదా ఇంకొకటుంది. తుపాకికి చచ్చిన బాతు ఎలాగూ చలికో, రోగానికో పోయేదేనా, లేక ఆ చావు అదనమా? ఇది తేలేదాకా చేతులు ముడుచుకు కూర్చోకపోవడమే నాకు నచ్చింది. 1995 నుంచి అక్కడి ప్రభుత్వం మల్లార్డ్ బాతుల విషయంలో రెండు వాదాలనూ పక్కపక్కనే ఉంచుకుంది. ఏటా విమానాల నుంచి బాతుల్ని లెక్కించి, ఏ వాదం చెప్పిన అంకె దగ్గరగా వచ్చిందో దానికి విలువ పెంచుతారు. వేట ఎన్నాళ్ళు, రోజుకు ఎన్నేసి బాతులు అన్నది ఆ లెక్కనుబట్టే.