గాలి తుపాకి: నాళపు కొలత, ఛర్రాల ఎన్నిక - పట్టాదారులు తెలిసికొనవలసిన సంగతులు

పంట చేతికి వచ్చు దినములలో గాలి తుపాకి యొకటి యింట నుండిన బాగుండునని పట్టాదారులలో అనేకులు తలంచుచుందురు. కుందేలు, కౌజు, పూరేడు మొదలగు చిన్న వేట కొరకు కొందరు, చేను కావలి కొరకు మరికొందరు దీనిని కొనగోరుదురు. అంగడికి పోయినవారు అడుగు ప్రశ్నలు రెండు: నాళము ఏ కొలతది మంచిది? ఛర్రా ఏ రకముది మంచిది? ఈ రెండింటికిని సమాధానము ఈ కరపత్రమున వ్రాయబడినది. కాని మూడవ ప్రశ్న యొకటి గలదు. ఆ తుపాకిని దేనిపై ఎక్కుపెట్టుటకు శాసనము సమ్మతించుచున్నది? ఈ మూడవ ప్రశ్నకు వచ్చు జవాబే మొదటి రెండింటిని తేల్చును గావున, చదువరులు కడవరకు చదివి పిమ్మట రూకలు తీయుట మేలు.

శ్రీరాంపూర్ అను పేరు గోదావరికి ఇరువైపుల వినబడును. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని కాల్వశ్రీరాంపూర్ 2016 నుండి పెద్దపల్లి జిల్లాలోను, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని బొగ్గుగనుల శ్రీరాంపూర్ అదే సంవత్సరము నుండి మంచిర్యాల జిల్లాలోను చేరినవి. ఇందు వ్రాసిన సంగతులు ఉభయ ప్రాంతముల వారికిని సమానముగా వర్తించును.

1. గాలి తుపాకి పనిచేయు విధము

ఇందు మందుగుండు లేదు. సాధారణముగా దొరకు తుపాకిలో నాళమును విరిచినట్లు క్రిందికి వంచినచో లోపలి బలమైన స్ప్రింగు ముడుచుకొనును. మీట నొక్కగానే స్ప్రింగు విడివడి ముషలకమును ముందునకు త్రోయును. ఎదుటనున్న గాలి నలిగి, ఆ యొత్తిడిచే ఛర్రా నాళమునుండి వెలువడును. స్ప్రింగు బలమెంతయో తుపాకి శక్తియు అంతియే. నాళమును వెడల్పు చేసినంత మాత్రమున శక్తి పెరుగదు. ఈ యొక్క మాట తెలియకనే అనేకులు లావు నాళము కొని మోసపోవుచున్నారు.

శక్తిని జౌళ్లలో కొలుతురు. రెండు కిలోల బరువును ఒక మీటరు ఎత్తునకు లేపుటకు ఇంచుమించు 20 జౌళ్లు పట్టును. లైసెన్సు లేకుండ ఉంచుకొనదగిన గాలి తుపాకి బలము అంతకు మించరాదు.

2. నాళపు కొలతలు

నాళము లోపలి వ్యాసమునే క్యాలిబర్ అందురు. విరివిగా దొరకునవి రెండు.

మొదటిది 4.5 మిల్లీమీటర్లది, అంగుళములలో 0.177. దీని ఛర్రా సుమారు అర గ్రాము తూగును. రెండవది 5.5 మిల్లీమీటర్లది, అంగుళములలో 0.22. దీని ఛర్రా ఇంచుమించు ఒక గ్రాము, అనగా మొదటిదానికి దాదాపు రెండింతలు. ఇవిగాక 5 మిల్లీమీటర్లవి, 6.35 మిల్లీమీటర్లవి కూడ గలవు గాని మన ప్రాంతమున వాని ప్రసక్తి అరుదు.

ఒకే శక్తి గల రెండు తుపాకులను పోల్చి చూతము. రెండింటికిని 15 జౌళ్లు గలవనుకొందము. సన్న నాళపు ఛర్రా సెకనుకు సుమారు 240 మీటర్ల వేగముతోను, లావు నాళపు ఛర్రా సుమారు 180 మీటర్ల వేగముతోను వెలువడును. 30 మీటర్ల దూరము పోవునప్పటికి, గాలి యడ్డమును లెక్కింపకున్నను, మొదటిది సుమారు 8 సెంటీమీటర్లును, రెండవది సుమారు 14 సెంటీమీటర్లును నేలవైపు వంగును. 30 మీటర్లకు గురి సరిచేసికొని, దూరమును తప్పుగా నెంచి 40 మీటర్లలోనున్న దానిని కొట్టినచో, సన్న ఛర్రా ఇంచుమించు 3 సెంటీమీటర్లును, లావు ఛర్రా ఇంచుమించు 6 సెంటీమీటర్లును క్రిందుగా తగులును.

దీని ఫలితార్థమేమనగా, లావు ఛర్రా తగిలినచోట పెద్ద గాయము చేయును గాని, దూరపు అంచనా తప్పినవాని కది ఎక్కువగా గురి తప్పును. సన్న ఛర్రా తిన్నగా పోవును, గాయము చిన్నది. కుందేలును బాధలేకుండ ఒక్క దెబ్బతో పడగొట్టవలెనన్న మెదడునందు తగులవలెను. ఆ చోటు రూపాయి బిళ్లకంటె పెద్దది కాదు. మూడు సెంటీమీటర్ల తేడా వచ్చినను దవడ విరిగి, ఆ జంతువు పొదలలో దూరి దినముల తరబడి ఆకలితో చచ్చును. అది వేటయును గాదు, కావలియును గాదు.

3. ఛర్రాల రకములు

మంచి ఛర్రా నడుము సన్నగాను, వెనుక భాగము గంటవలె విప్పారియు నుండును. గాలి యొత్తిడికి ఆ వెనుక అంచు విచ్చుకొని నాళములోని మెలికలను గట్టిగా పట్టుకొనును. ఛర్రా తిరుగుచు తిన్నగా పోవుటకు కారణమిదియే. తలను బట్టి నాలుగు రకములు గలవు.

చదును తల: కాగితమును గుండ్రముగా కోసినట్లు రంధ్రము చేయును. దగ్గరి దూరములలో, ముఖ్యముగా 10 మీటర్ల గురి అభ్యాసములో, ఇదియే శ్రేష్ఠము. దూరము పెరిగినకొలది దీని నిలకడ తగ్గును.

గుండ్రని తల: గాలిని చక్కగా చీల్చుకొని పోవును. 20 మీటర్లకు మించిన దూరములకు అన్నిటికంటె నమ్మదగినది.

మొన తల: చూచుటకు భయంకరముగా నుండును. కాని మొన ఏమాత్రము ప్రక్కకు వంగినను గురి చెడును. మొన యున్నంత మాత్రమున లోతుగా దిగునని నమ్ముట భ్రమ.

గుంట తల: తగులగానే విచ్చుకొనునట్లు చేయబడినది. తక్కువ బలము గల తుపాకిలో వేగము చాలక సరిగా విచ్చుకొనదు.

ఒకే రకపు రెండు తుపాకులు కూడ ఒకే ఛర్రాను ఒకే తీరున కొట్టవు. కావున రెండుమూడు రకముల డబ్బీలు తెచ్చి, తుపాకిని ఇసుక సంచిపై ఆనించి, ఒక్కొక్క రకమున అయిదేసి ఛర్రాలు కాగితముపై కాల్చి చూడవలయును. ఏ రకపు రంధ్రములు దగ్గరగా పడునో ఆ రకమే ఆ తుపాకికి తగినది. వంగిన ఛర్రాలను, వెనుక అంచు నొక్కుకొనిన వానిని ఏరి పారవేయవలయును. ఇనుప గుండ్లు వాడరాదు. అవి నాళపు మెలికలను అరగదీయును, గట్టి వస్తువునకు తగిలి వెనుకకు ఎగురును.

ఛర్రాలు సాధారణముగా సీసముతో చేయబడును. సీసము విషము. వానిని నోట పెట్టుకొనరాదు, పని ముగిసిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలయును, పిల్లలకు అందనీయరాదు. నేల రాలిన ఛర్రాలను గింజలనుకొని కోళ్లు మ్రింగును గావున వానిని ఏరి డబ్బీలో వేయుట అవసరము.

4. శాసనము ఏమి చెప్పుచున్నది

2016 నాటి ఆయుధ నియమములను బట్టి, నాళము 4.5 మిల్లీమీటర్లకు గాని, శక్తి 20 జౌళ్లకు గాని మించిన గాలి తుపాకికి లైసెన్సు కావలయును. కావున 5.5 మిల్లీమీటర్ల తుపాకిని లైసెన్సు లేకుండ కొనుట నేరము. ‘ఇది గాలి తుపాకియే కదా’ యను అంగడివాని మాట కచేరిలో చెల్లదు. కొన్న రసీదును భద్రపరచుకొనవలయును.

ఇక వేట సంగతి. నిజాము కాలపు షికారు కథలు పెద్దల నోట నేటికిని వినబడుచున్నవి. ఆ కాలము గతించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 2022లో జరిగిన సవరణ, నేడు అమలునందున్నవి. నెమలి మొదటి పట్టికలోను, కుందేలు, కౌజు, అడవిపంది రెండవ పట్టికలోను చేరియున్నవి. ఈ పట్టికలలోని ప్రాణిని చంపుటయే గాక గాయపరచుట, ఉచ్చు వేయుట, తరుముట, అట్టి పనులకు ప్రయత్నించుట సైతము చట్టము దృష్టిలో వేటయే. గురి తప్పినదను జవాబు రక్షింపదు. సాధారణముగా శిక్ష మూడేండ్ల వరకు ఖైదు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును. మొదటి పట్టికలోని ప్రాణి విషయమున ఖైదు మూడేండ్లకు తగ్గదు, ఏడేండ్ల వరకు పోవచ్చును.

మన పొరుగుననే 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడిన కవ్వాల అడవియు, గోదావరి తీరమున మొసళ్లకు నెలవైన శివ్వారం అభయారణ్యమును గలవు. అభయారణ్యములోనికి అధికారి అనుమతి లేక ఆయుధముతో ప్రవేశించుటయే నిషిద్ధము. గాలి తుపాకి భుజమున వేసికొని అడవి దారిన పోవువారు దీనిని మరువరాదు.

ఇంగ్లాండులో గాలి తుపాకితో కుందేళ్లను కొట్టుదురని, అందులకు 5.5 మిల్లీమీటర్ల నాళమును మెచ్చుకొందురని కొందరు చదివియుందురు. ఆ దేశపు కుందేలు వేరు, మన కుందేలు వేరు. అది బొరియలు త్రవ్వి గుంపులుగా పెరిగి పంటను నాశనము చేయు జాతి. దాని నదుపుచేయు బాధ్యతను 1954 నాటి చట్టము భూమి గలవారిపైననే యుంచినది. మన కుందేలు బొరియ త్రవ్వదు, గడ్డిలో ఒంటరిగా పడుకొనును, కొద్ది పిల్లలనే యీనును. మన కౌజు చెదలను, పురుగులను ఏరి తిని చేనుకు మేలు చేయును. అక్కడి సలహా ఇక్కడ పనికిరాదు.

5. పంటను కాపాడుకొను మార్గము

మక్క చేనులో అడవిపందులు ఒక్క రాత్రి పడిన చాలు, ఏడాది కష్టము మట్టి పాలగును. రైతు కోపము న్యాయమైనదే. కాని గాలి తుపాకి పందిని ఆపజాలదు. దాని తోలు మందము, క్రొవ్వు దళసరి. చిన్న ఛర్రా దానిని చంపదు. గాయపడిన పంది మాత్రము మనిషిపైబడి కోరలతో చీల్చును. కోతులను కొట్టినచో ఒకటి గాయపడును, మంద పక్క చేనులో దిగి మరునాడు తిరిగి వచ్చును. మూగజీవమును హింసించుట 1960 నాటి చట్టము ప్రకారము వేరుగా నేరము.

పందుల విషయమున చేయదగిన పనులివి. మక్క చుట్టును ఆముదమును, పల్లి చుట్టును ముండ్లు గల కుసుమను నాలుగు వరుసలు దట్టముగా వేయవలయును. ముండ్ల తీగను చుట్టలుగా చేను చుట్టు పరచుట, శాస్త్రీయముగా తయారైన సోలారు కంచె వేయుట మరికొన్ని యుపాయములు. కరెంటు తీగను నేరుగా చేను చుట్టు లాగుట ఎన్నటికిని కూడదు. అది పందికంటె ముందు కావలివానిని, పొరుగు రైతును, పశువును చంపును. నష్టము మితిమీరినచో గ్రామస్థులు కలిసి అటవీ అధికారులకు దరఖాస్తు చేయవలయును. నిలిచిన పంటకు హాని చేయు రెండవ పట్టిక జంతువు విషయమున అనుమతి నిచ్చు అధికారము చట్టములోని 11వ సెక్షను క్రింద వారికి గలదు. పంట నష్టమును వెంటనే ఫోటో తీయించి వారికి తెలుపుట మరువరాదు.

వరి పొలములలో ఎలుకలు, పందికొక్కులు రాత్రివేళ తిరుగును గావున తుపాకి వానికి చాలదు. గట్లను సన్నగాను శుభ్రముగాను ఉంచవలయును. సాయంకాలము బొరియలన్నియు మూసి, మరునాడు తెరచియున్న వానిలోనే ఎర పెట్టవలయును. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలోన్ పొడి కలిపి పొట్లములుగా కట్టి బొరియకు ఒకటి చొప్పున వేయవలయును. పొట్ట దశకు ముందు, ఊరి రైతులందరు ఒకే దినమున చేసిననే ఫలితము నిలుచును. గుడ్లగూబ ఎలుకలకు మృత్యువు. దానిని అపశకునమని కొట్టువాడు తన ధాన్యమును తానే ఎలుకలకు ధారపోసినవాడగును.

6. కొనదలచినచో ఏది కొనవలయును

ఇంతవరకు చెప్పినదానిని బట్టి జవాబు స్పష్టము. గురి అభ్యాసము కొరకు మాత్రమే కొనవలయును. అందులకు 4.5 మిల్లీమీటర్ల నాళము, 20 జౌళ్లకు లోపు బలము, చదును తల ఛర్రా తగియున్నవి. ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల పందెము జరుగునది ఈ కొలత నాళముతోనే. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారు పతకమును, 2012లో లండనులో హైదరాబాదు వాస్తవ్యుడు గగన్ నారంగ్ కాంస్య పతకమును సంపాదించినదియు ఈ పందెమునందే. ఇంటిలోని యువకునకు గురిపై మక్కువ యున్నచో ఆ మార్గము గౌరవప్రదమైనది.

అభ్యాసమునకు ఈ జాగ్రత్తలు తప్పనిసరి. గురి వెనుక మట్టికట్ట గాని ఇసుక సంచులు గాని యుండవలయును. రాయి, నీరు, గోడ యుండరాదు, ఛర్రా జారి ప్రక్కకు ఎగురును. ఎత్తి కాల్చిన ఛర్రా మూడువందల గజములు దాటిపోగలదు; ఆ దూరమున కలుపు తీయు కూలీలు ఉండవచ్చును. కంటికి అద్దములు ధరింపవలయును. ఛర్రా లేకుండ మీట నొక్కరాదు, స్ప్రింగు చెడును. గాలి నలుగు భాగమున సాధారణ నూనె పోయరాదు, అది వేడికి మండి తుపాకిని పాడుచేయును. పని ముగిసిన పిదప ఖాళీ చేసి తాళము వేసి, ఛర్రాలను వేరుచోట నుంచవలయును. ఒక్క చిన్న ఛర్రా బిడ్డ కన్నును జన్మాంతము ఆర్పివేయును.

పట్టాదారులు నాళపు కొలతను అంగడివాని మాటను బట్టి గాక చట్టమును బట్టియు, తమ యవసరమును బట్టియు నిశ్చయించుకొందురు గాక. చేనును కాపాడునది కంచె, కావలి, ఊరి ఐకమత్యము. ఈ కరపత్రమును చదువరాని ఇరుగుపొరుగు రైతులకు చదివి వినిపింప ప్రార్థన.