ముందు బరువు, వెనక బరువు

రాజపాళయంలో మా రాజుల ఇళ్ళల్లో తుపాకీ అంటే ఒకప్పుడు వేట. పడమటి కనుమల అడుగున అడవి పంది, దాని వెంట మన ఊరి పేరు మోసిన తెల్ల కుక్కలు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ కథ ముగిసింది. ముగియడమే మంచిదయింది. ఆ కొండలే 2021 నుంచి శ్రీవిల్లిపుత్తూరు–మేగమలై పులుల అభయారణ్యం. ఇప్పటి పిల్లలు పట్టేది పది మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్. కొన్ని ఇళ్ళల్లో లైసెన్సున్న పన్నెండు బోరు బీరువాలో ఉంది. వాటికి ఏ సామాను తగిలించాలని ఒక్కొక్కరూ వచ్చి అడుగుతున్నారు. అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

1. ముందు తుపాకీ ఖాళీదో కాదో చూడండి. తెరిచి, కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తరవాతే తూకం సంగతి. నిన్న ఖాళీగా ఉందన్న మాట ఈ రోజు చెల్లదు.

2. దుకాణంలో అందరూ అడిగేది ‘ఎన్ని కిలోలు?’ అని. కాటా మీద అంకె కంటే ఆ బరువు ఎక్కడ కూర్చుందన్నది ముఖ్యం. బిందె చంకన పెట్టుకుంటే మైలు నడుస్తాం, అదే బిందె చెయ్యి చాచి పట్టుకుంటే నిమిషం నిలవలేం. ఖాళీ తుపాకీని చూపుడు వేలి మీద అడ్డంగా ఆనించి చూడండి. రెండు గొట్టాల పన్నెండు బోరు పొందిగ్గా చేసినదైతే, గొట్టాలు వంగే కీలు దగ్గర అటూ ఇటూగా నిలుస్తుంది. అంటే బరువంతా రెండు చేతుల మధ్యే ఉందన్నమాట. అలాంటిది భుజానికి దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ఇక లెక్క చూద్దాం. ఎడమ చేతికి పది సెంటీమీటర్ల వెనక అరకిలో స్కోప్ పెట్టారనుకోండి. అది తుపాకీని వెనక్కి వాల్చే బలం కొద్దిపాటిదే. అదే చేతికి అరవై సెంటీమీటర్ల ముందు, గొట్టం మూతి దగ్గర, రెండు వందల గ్రాములు తగిలిస్తే ముందుకు లాగే బలం దానికి రెండింతలు దాటుతుంది. కాటా మీద తేలికైన వస్తువే చేతిలో బరువవుతుంది. పెట్టె మీద ‘కేవలం 200 గ్రాములు’ అని రాసి ఉంటే నేను మొదట అడిగేది, ‘ఎక్కడ తగిలిస్తావు?’ అని.

3. తేలికైన తుపాకీ మీద మోజు పడకండి. తూటా అదే అయినప్పుడు తుపాకీ బరువు సగమైతే వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుతుంది. ఇంగ్లండులో పాత తుపాకీ పనివాళ్ళకు ఒక లెక్క ఉండేది: తూటాలో ఎంత సీసపు రవ్వ పోస్తే దానికి 96 రెట్లు తుపాకీ బరువుండాలి. 28 గ్రాముల రవ్వకు దాదాపు 2.7 కిలోలు, 32 గ్రాములకు మూడు కిలోల పైన. అది శాస్త్రం కాదు, భుజాల అనుభవం. మట్టి పళ్ళేలు కాల్చే ట్రాప్ పోటీల్లో తూటాకు 24 గ్రాములే అయినా తుపాకులు ఆ లెక్కకు చాలా పైన, మూడున్నర కిలోలు దాటి ఉంటాయి. పోటీ రోజుల్లో వందకు పైగా తూటాలు కాల్చే భుజం దాచుకోవాలి కదా! పైగా బరువున్న గొట్టం ఒకసారి కదిలాక మధ్యలో ఆగదు, పళ్ళెం వెంట సాఫీగా పోతుంది. మన రాష్ట్రం నుంచి 2024 పారిస్ ఒలింపిక్స్ ట్రాప్‌కు వెళ్ళిన పృథ్వీరాజ్ తొండైమాన్ తుపాకీ ఊపే తీరు వీడియోల్లో చూడండి.

4. ఎయిర్ రైఫిల్ దగ్గర అంతా తిరగబడుతుంది. అక్కడ గురి కదలదు, మనమే కదలకూడదు. అందుకే గొట్టం కింద, ముందువైపు, చిన్న చిన్న దిమ్మలు బిగిస్తారు. రెండు చివరలా బరువున్న రైఫిల్ గుండె కొట్టుకున్నంత మాత్రాన చలించదు. నిబంధన ప్రకారం 5.5 కిలోల దాకా పోవచ్చు. పోవచ్చన్నారు గానీ పోవాలనలేదు. ఇంత బరువు కండతో మోసేది కాదు. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆని, నడుము కాస్త వెనక్కి వాలి, బరువు ఎముకల గుండా పాదాలకు దిగాలి. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చింది ఈ పోటీలోనే. ఆయన నిలబడిన ఫొటో దొరికితే రైఫిల్ చూడకండి, నడుము చూడండి.

పిల్లల విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. పన్నెండేళ్ళ పిల్లకు పెద్దవాళ్ళ రైఫిల్ ఇచ్చి ‘అలవాటవుతుంది’ అనకండి. అలవాటయ్యేది వంకర నడుమే. గురి చూసేటప్పుడు ఆ పిల్ల భుజాన్ని పక్కనుంచి గమనించండి. చెవి వైపు లేస్తోందంటే బరువు ఎక్కువైనట్టే. చివరి పది గుళ్ళు కిందికి జారుతున్నా అంతే. పొట్టిగా, తేలిగ్గా పిల్లల కోసమే చేసిన రైఫిళ్ళున్నాయి. బరువు పెంచాలంటే యాభై గ్రాముల చొప్పున పెంచండి. సిలిండర్‌లో గాలి నిండినప్పటికీ ఖాళీ అయినప్పటికీ కొన్ని పదుల గ్రాముల తేడా వస్తుంది కాబట్టి తూకం చూసేది నిండు సిలిండర్‌తో చూడండి.

5. పిస్టల్‌కు 1.5 కిలోలు హద్దు, ట్రిగ్గర్‌కు కనీసం 500 గ్రాముల లాగుడు ఉండాలి. ఒంటి చెయ్యి చాచి పట్టేది కాబట్టి ప్రతి గ్రామూ మణికట్టుకు తెలుస్తుంది. దిమ్మల కంటే ముందు పిడి. అరచేతికి అతకని పిడి మీద ఎంత బరువు పెట్టినా దండగే.

6. స్ప్రింగు ఎయిర్‌గన్‌కు స్కోప్ కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. లోపల పిస్టన్ ముందుకు దూసుకుపోయి ఆగుతుంది కాబట్టి తుపాకీ మొదట వెనక్కి, మరుక్షణం ముందుకు అదురుతుంది. ఆ రెండోది మామూలు రైఫిల్ స్కోప్‌ను లోపలే చెడగొడుతుంది. స్కోప్ ఎంత బరువైతే పట్టు అంత జారుతుంది. తేలికపాటిది, ఎయిర్‌గన్‌కని చెప్పి అమ్మేది, వెనక ఆపుడు బిళ్ళతో బిగించండి. తుపాకీని బిగబట్టకుండా అరచేతిలో వదులుగా కూర్చోబెట్టండి.

7. మా తమ్ముడి కొడుకు గొట్టం కింద తగిలించే రెండు కాళ్ళ బైపాడ్ బొమ్మ ఫోన్లో చూపించి, “పెదనాన్నా, తీసుకోనా?” అన్నాడు.

“నువ్వు కాల్చేది నిలబడా, పడుకునా?”

“నిలబడే.”

“మరి ఆ కాళ్ళు ఎక్కడ పెడతావురా?”

నవ్వి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సినిమా తుపాకులకు వేలాడేవన్నీ ఇలాంటివే.

8. చప్పుడు తగ్గించే గొట్టం సంగతి వేరు. మూతి దగ్గర బరువు పెరగడం దానితో చిన్న చిక్కే. 1959 ఆయుధ చట్టం ‘తుపాకీ’ అన్న నిర్వచనంలోనే దాన్ని చేర్చింది. లైసెన్సు తుపాకీకి అది సరదా సామాను కాదు. ఎవరైనా అమ్మజూపితే దూరం జరగండి.

9. డబ్బు పెట్టదలిస్తే వరస ఇది: మొదట భుజానికి ఆనే తుపాకీ మడమ పొడవు సరిచేసుకోవడం, తరవాత చెంప ఆనే చెక్క ఎత్తు, ఆ పైన మంచి పట్టీ. దిమ్మలూ స్కోపులూ చివర. ఏది కొనేముందైనా అంత బరువు సీసపు రేకు కత్తిరించి, ఎలక్ట్రీషియన్ టేపుతో అది వచ్చే చోటే అంటించి, ఒక వారం సాధన చేయండి. వారం తరవాత కూడా భుజం కావాలంటేనే కొనడానికి మదురైకి బస్సెక్కండి.