అగ్నికి తగిన పాత్ర

పాఠ్యభాగ పరిచయం

వంట ప్రతి ఇంటా జరిగే నిత్యకృత్యం. నిత్యకృత్యం కావడం వల్లనే అందులోని ప్రమాదాన్ని మనం తరచు మరచిపోతాం. గ్యాసు పొయ్యిని, దానిపై ఉంచే పాత్రను వివేకంతో వాడే పద్ధతిని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

‘పాత్ర’ అనే మాటకు మన భాషలో పలు అర్థాలున్నాయి. వండుకొనే గిన్నె పాత్ర. నాటకంలో నటుడు ధరించే భూమిక పాత్ర. దానం స్వీకరించడానికి అర్హుడైనవాడు పాత్రుడు. అర్హత లేనివానికి ఇచ్చిన దానాన్ని అపాత్రదానం అంటాం. అగ్ని విషయంలోనూ ఈ మాట వర్తిస్తుంది. తగని గిన్నెకు మంటను అప్పగిస్తే అదీ అపాత్రదానమే. దాని ఫలితాన్ని మాత్రం ఇంటిల్లిపాదీ అనుభవించవలసి వస్తుంది.

మన పూర్వికులు తరతరాలుగా కట్టెల పొయ్యి మీద వండుకొన్నారు. ఆ పొగకు కళ్లు మండేవి, ఊపిరితిత్తులు చెడేవి. గ్యాసు పొయ్యి ఆ బాధను తప్పించింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన దీపం పథకం, 2016లో దేశమంతటా ప్రారంభమైన ఉజ్జ్వల యోజన దానిని పేద ఇళ్లకు కూడా చేర్చాయి. అయితే ఒక భేదాన్ని గమనించాలి. కట్టెల పొయ్యిలో నిప్పు ఉంటే పొగ, వెలుగు, చిటపటలు ఆ సంగతిని చాటేవి. మంట ఆరితే ప్రమాదం కూడా దాదాపు ఆరిపోయేది. గ్యాసు పొయ్యి అలా కాదు. దానిలో మంట ఆరిన తరువాతనే అసలు ప్రమాదం మొదలు కావచ్చు.

ఈ వాయువు స్వభావం తెలిస్తే కారణం బోధపడుతుంది. ఇళ్లలో వాడే 14.2 కిలోల సిలిండరులో ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులు ఒత్తిడి వల్ల ద్రవరూపంలో ఉంటాయి. ఒక లీటరు ద్రవం బయటకు వస్తే సుమారు 250 లీటర్ల వాయువుగా వ్యాపిస్తుంది. దీనికి సహజంగా రంగు లేదు, వాసన లేదు. కారిపోతే మనం పసిగట్టాలనే ఉద్దేశంతో ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. గాలికంటె బరువైనది కావడం వల్ల ఇది పైకి పోక నేలమీద పరచుకొంటుంది. గాలిలో నూటికి రెండు వంతులున్నా చాలు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది.

నేను అధ్యాపకునిగా చేరిన తొలి ఏడాది జరిగిన ఒక సంఘటన ఇక్కడ చెప్పాలి. అద్దె గదిలో ఒంటరిగా ఉండేవాణ్ణి. ఒక ఉదయం చిన్న గిన్నెలో అంచువరకు పాలు పోసి, పొయ్యి మీద పెట్టి, వసారాలో కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతున్నాను. కొంతసేపటికి ఘాటైన వాసన వచ్చింది. లోపలికి పరుగెత్తాను. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. వాసన పోగొడదామని పంకా స్విచ్ మీదికి చేయి చాపాను. పెరట్లో నుంచి ఇంటి యజమానురాలు, డెబ్బై ఏళ్ల వృద్ధురాలు, కేక వేసింది: “బాబూ! స్విచ్ ముట్టుకోకు! ముందు గ్యాసు కట్టెయ్యి, తలుపులు తియ్యి!” ఆమె చెప్పినట్టే చేశాను. స్విచ్‌లో పుట్టే చిన్న రవ్వ ఆ గదిని తగలబెట్టగలదని నాకు పుస్తకాల వల్ల తెలుసు. కాని ఆ క్షణంలో నా చేతికి తెలియలేదు. వాసన తగ్గాక ఆమె గిన్నెను చూసి, “ఇంత గిన్నెలో అన్ని పాలు పోస్తే పొంగక ఏం చేస్తాయి?” అన్నది.

ఆ మాటలోనే మొదటి పాఠం ఉంది. పాలకు, అన్నానికి, పప్పుకు పొంగే గుణం ఉంది కనుక గిన్నెలో మూడోవంతైనా ఖాళీ ఉండాలి. గృహప్రవేశంనాడు పాలు పొంగించడం మన ఆచారం. కట్టెల పొయ్యి మీద అది నిరపాయంగా సాగేది. నేడు గ్యాసు పొయ్యి మీద పొంగించేటప్పుడు ఒకరు పక్కనే నిలిచి, పొంగు అంచు దాటగానే మంటను కట్టివేయాలి. శుభానికి అది లోపం కాదు.

రెండవది పరిమాణం. మంట గిన్నె అడుగు కిందనే ఉండాలి, అంచులు దాటి పక్కలకు ఎగబాకరాదు. ఎగబాకిన మంట గ్యాసును వృథా చేస్తుంది, గిన్నె పిడిని కాలుస్తుంది, చీరకొంగుకో చొక్కా చేతికో అంటుకొంటుంది. గిన్నె మరీ పెద్దదైనా ముప్పే. విందుకు వాడే గంగాళాన్ని ఇంటి పొయ్యికి ఎక్కిస్తే వేడి కింద బంధింపబడి నాబ్‌లు, గొట్టం దెబ్బతింటాయి. అడుగు సమంగా ఉండి కదలని పాత్ర శ్రేష్ఠం. గుండ్రని అడుగున్న మూకుడును ఒరగని విధంగా కుదురుగా నిలపాలి. పిడులు ఎప్పుడూ లోపలి వైపుకు తిప్పి ఉండాలి.

మూడవది లోహం. ఇత్తడి గిన్నెకు లోపల తగరంతో కళాయి పూయిస్తారు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది కాబట్టి అటువంటి గిన్నెను ఖాళీగా మంటపై పెట్టరాదు. కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు పులుసు కాచరాదు. పులుపు వంటలకు అల్యూమినియం కన్నా స్టీలు మేలు. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్ద మంటపై ఉంచితే పూత చెడి హానికరమైన పొగలు వస్తాయి. కొత్త మట్టికుండను నీటిలో నానబెట్టి, సన్నని సెగతో మొదలుపెట్టాలి. లేనిచో అది పగులుతుంది. ప్రెషర్ కుక్కరును మూడింట రెండు వంతులకు మించి, పప్పు వండేటప్పుడు సగానికి మించి నింపరాదు. ఆవిరి రంధ్రంలో మెతుకులు అడ్డుపడ్డాయేమో ప్రతిసారీ చూసుకోవాలి.

మూకుడులోని నూనె అంటుకొంటే నీళ్లు పోయడం మహాపరాధం. నీరు నూనె కిందికి దిగి, తక్షణం ఆవిరై, మండుతున్న నూనెను నలువైపులా చిమ్ముతుంది. మంటను కట్టివేసి, పళ్లెంతో మూకుడును మూసివేస్తే చాలు. గాలి అందక అగ్ని తానే శాంతిస్తుంది.

సిలిండరును నిలువుగా, పొయ్యికంటె పల్లంలో ఉంచాలి. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకొకసారి, పగుళ్లు కనిపిస్తే వెంటనే, మార్చాలి. కారుతున్నదన్న అనుమానం ఉంటే సబ్బునీరు రాయాలి. బుడగలు వస్తే లోపం ఉన్నట్టు. అగ్గిపుల్ల గీసి చూడడం ఆత్మహత్యా సదృశం. మంట నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా మండుతూ గిన్నెకు మసి పట్టిస్తే దహనం సరిగా లేదని, వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పుట్టవచ్చని గ్రహించాలి. వంటింటి కిటికీ తెరచి ఉండాలి. రాత్రి నిద్రకు ముందు రెగ్యులేటరు కట్టివేయాలి.

గ్యాసు వాసన వస్తే నాబ్‌ను, రెగ్యులేటరును మూసి, తలుపులు తెరవాలి. దేవుని దీపం వెలుగుతుంటే కొండెక్కించాలి. ఏ స్విచ్‌నూ వేయరాదు, తీయరాదు. అందరూ బయటకు వచ్చిన తరువాతనే 1906 నంబరుకు ఫోను చేయాలి.

విద్యార్థులారా! ‘వంట మా పని కాదు’ అని బాలురు తప్పుకోరాదు. నలుడు రాజు, భీముడు వీరుడు. వారిద్దరి పేరిటనే మనం గొప్ప వంటను నలభీమపాకం అంటున్నాం. పైగా గ్యాసు కారినప్పుడు అది వండేవారెవరో, తినేవారెవరో చూడదు. ఇంటికి వెళ్లి ఈ రోజే గొట్టాన్ని పరిశీలించండి, రెగ్యులేటరు మూయడం నేర్చుకోండి, అది మీ చిన్న తమ్ముడికీ చెల్లెలికీ నేర్పండి. ఆనాడు నా చేతిని ఆపిన వృద్ధురాలు బడికి వెళ్లలేదు. కాని తన ఇంటి రక్షణలో తన పాత్ర ఏమిటో ఆమెకు తెలుసు. గిన్నె అగ్నికి తగినదై ఉండాలి, ఆ అగ్నిని వెలిగించే మనమూ దానికి పాత్రులమై ఉండాలి.

అర్థాలు

భూమిక = వేషం
నిరపాయంగా = ఆపద లేకుండా
గంగాళం = పెద్ద లోహపాత్ర
సదృశం = సమానం
కొండెక్కించు = దీపాన్ని ఆర్పు (మంగళకరమైన వాడుక)

ప్రశ్నలు

1. ‘అపాత్రదానం’ అనే మాటను రచయిత అగ్నికి ఎట్లా అన్వయించారు?
2. పాలు పొంగి మంట ఆరిపోవడం కట్టెల పొయ్యికన్నా గ్యాసు పొయ్యి మీద ఎందుకు ప్రమాదకరం?
3. ‘పుస్తకాల వల్ల తెలుసు. కాని నా చేతికి తెలియలేదు’ అనే మాటల్లోని ఆంతర్యాన్ని వివరించండి.
4. మీ ఇంటి వంటపాత్రలను పరిశీలించి, ఏది ఏ వంటకు తగినదో పది వాక్యాల్లో రాయండి.